సిస్టరమ్మ జవాబులు: "ఈ జాతే ఇంతనా?"

(చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన సిస్టరమ్మ, పాఠకుల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: సిస్టరమ్మ గారికి నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లె. చెన్నై ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కాపురం మేడవాక్కంలో. నెల కిందట ఆఫీసు నుంచి రాత్రి ఆలస్యంగా వస్తుంటే, పల్లికరణై దగ్గర ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడిని వ్యాను గుద్దేసి వెళ్ళిపోయింది. చుట్టూ ముప్పై మంది దాకా చేరారు. సగం మంది ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. నేను 108కి ఫోన్ చేస్తుంటే పక్కాయన "మీకెందుకు సార్, రేపట్నుంచి స్టేషన్ చుట్టూ తిరగాలి" అన్నాడు. ఆ అబ్బాయి బ్యాగులోంచి పడిన పార్సిల్ ఒకటి ఎవరో తీసుకుని బండెక్కి వెళ్ళిపోయాడు. అంబులెన్స్ వచ్చి అతన్ని తీసుకెళ్ళింది. తర్వాత ఏమైందో తెలీదు.

ఆ రోజు నుంచి నాకు మనుషుల మీద నమ్మకం పోయింది. టీవీ పెడితే యుద్ధాలు. బాల్కనీలోకి వస్తే చిత్తడి నేలలో పోసిన చెత్తకుప్ప వాసన. జంతువులు ఆకలేస్తేనే చంపుతాయి, మనం సరదాకి చంపుతాం. మా ఆవిడ పిల్లల మాట ఎత్తితే, ఈ లోకంలోకి ఇంకొకరిని తేవడం పాపం అంటున్నాను. రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇది డిప్రెషనా, లేక నాకు నిజం తెలిసొచ్చిందా?

ఒక పాఠకుడు, మేడవాక్కం

జవాబు: బాబూ, ముందు మీ ఆఖరి ప్రశ్న తీసుకుంటాను. మిగతావి ఆగుతాయి, అది ఆగదు.

నిజం తెలిసొచ్చినవాళ్ళకి డిప్రెషన్ రాదని ఎక్కడా లేదు. రెండూ కలిసి ఉండొచ్చు. కళ్ళముందు అలాంటి ప్రమాదం జరిగితే కొన్నాళ్ళు అదే గుర్తుకొచ్చి నిద్ర చెదరడం మామూలే. మీకు నెల దాటింది. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీదకి మనసు పోకపోయినా డాక్టర్ని కలవాలి. అంతవరకు వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ పేజీ చదివి పక్కన పెట్టేయకండి. ఇవాళే చెయ్యండి.

ఇక ఆ ముప్పై మంది సంగతి.

రోడ్డు మీద మీరు చూసింది ఆగిపోయిన మనుషుల్ని. క్యాజువాలిటీ గేటు దగ్గర నాకు కనపడింది ఆగకుండా వచ్చినవాళ్ళని. తెలీని మనిషి తల ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చినవాళ్ళు, కట్టుకున్న లుంగీ చింపి కాలికి కట్టి తెచ్చినవాళ్ళు. కోయంబేడులో మూటలు మోసే ఆయన ఒకరు, బస్సు కింద పడిన ముసలాయన్ని మీన్‌బాడీ బండి, అదే సామాన్లు మోసే మూడుచక్రాల తొక్కుడు బండి, మీద పడుకోబెట్టి అంత దూరం తొక్కుకుంటూ వచ్చాడు. ట్రాలీ మీదకి ఎత్తడానికి చెయ్యి కూడా వేశాడు. "ఏఆర్ రాయాలి, పేరు చెప్పన్నా" అని నేను పెన్ను తీసేసరికి మనిషి లేడు. ఏఆర్ అంటే యాక్సిడెంట్ రిజిస్టర్. దెబ్బలతో ఎవరొచ్చినా మేం అందులో రాస్తాం, అది పోలీసులకి వెళ్తుంది. ఎవరు తెచ్చారన్న కాలమ్ దగ్గర పెన్ను ఆగిపోయిన రాత్రులు నా సర్వీసులో చాలా ఉన్నాయి.

అంత దూరం బండి తొక్కిన మనిషి పేరు చెప్పడానికి ఎందుకు భయపడ్డాడు? స్టేషన్‌కి రమ్మంటారు. కోర్టుకి రమ్మంటారు. గుద్దింది నువ్వేనేమో అంటారు. వెళ్ళిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోతుంది. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. స్కూటర్ మీద వెళ్తున్న ఒకాయన్ని కారు గుద్దితే, చూసినాయన దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఇలాంటి పోలీసు కేసులు మేం చూడం, ఇంకో ఆసుపత్రికి వెళ్ళమని పంపేశారు. అది 20 కిలోమీటర్ల దూరం. దారిలోనే ప్రాణం పోయింది. పేపర్లో వచ్చిన ఆ సంగతి మీదే కేసు వేస్తే 1989లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: ముందు ప్రాణం నిలబెట్టాలి, పోలీసు తతంగం తర్వాత. దాన్నే పరమానంద కటారా కేసు అంటారు. ఆ తీర్పు డాక్టర్లని కదిలించింది కానీ, తెచ్చినవాళ్ళ భయం అలాగే మిగిలింది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు మళ్ళీ కలగజేసుకుని, సాయం చేసినవాళ్ళని వేధించకూడదన్న మార్గదర్శకాలకి చట్టంతో సమానమైన బలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షన్ చేర్చారు. ఇప్పుడు మీరు దెబ్బ తగిలిన మనిషిని తెచ్చి దించి పేరు చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆపకూడదు, డబ్బు కట్టమనకూడదు. సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మంచిమనసుతో సాయం చేస్తుండగా పొరపాటు జరిగినా మీ మీద కేసు ఉండదు. ఈ హక్కుల పట్టిక ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో కూడా పెట్టాలి.

తమిళనాడులో ఇంకొక్క అడుగు ముందుకేశారు. 2021 డిసెంబర్ నుంచి ఇక్కడి రోడ్డు మీద ఎవరికి దెబ్బ తగిలినా, ఏ రాష్ట్రం వాళ్ళైనా, మొదటి 48 గంటల వైద్యం ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటోంది. లక్ష రూపాయల దాకా అని మొదలుపెట్టారు. మీరు చూసిన ఆ అబ్బాయికి కూడా అది వర్తిస్తుంది.

మీ పక్కాయన "స్టేషన్ చుట్టూ తిరగాలి" అన్నాడు చూడండి, ఆయనకి తెలిసింది పాతకాలపు సంగతి. చట్టం మారిన మాట ఆయన చెవిన పడలేదు. దయ చూపినవాడిని శిక్షించే పద్ధతి మన దగ్గర ఏళ్ళ తరబడి నడిచింది. దానివల్ల బిగుసుకుపోయిన మనుషుల్ని చూసి, ఈ జాతికే దయ లేదని మీరు తీర్పు రాసేస్తున్నారు. నాకది ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

అలాగని ఫోన్ ఎత్తినవాళ్ళని నేను వెనకేసుకురాను. పార్సిల్ ఎత్తుకుపోయినవాడిని అసలే కాదు. ఆ పని చేసే గుణం కొత్తగా పుట్టింది కూడా కాదు. సెల్‌ఫోన్ వల్ల మనుషులు పాడయ్యారని చాలామంది రాస్తుంటారు. మీరు వేళచ్చేరి రైలు ఎక్కి మైలాపూరు వైపు వస్తుంటే పక్కనే నల్లగా బకింగ్‌హామ్ కాలువ కనపడుతుంది కదా. కూవం నది నుంచి అడయారు దాకా ఉన్న ఆ ముక్కని 1877-78లో తవ్వించారు. ఎవరి చేత? ధాత కరువులో తిండిలేక మద్రాసుకి నడిచొచ్చిన జనం చేత. మా నెల్లూరు వైపు నుంచి, కడప నుంచి, కర్నూలు నుంచి, బళ్ళారి నుంచి వచ్చినవాళ్ళు. 1876 నుంచి 78 దాకా సాగిన ఆ కరువులో దక్షిణ దేశంలో లక్షలకు లక్షల మంది పోయారు. అదే కాలంలో మద్రాసు సైన్యంలో అధికారి విల్లోబీ వాలెస్ హూపర్ అనే ఆయన, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న ఆ మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. తీసి, తిండైనా పెట్టకుండా పంపేశాడని ఆయన మీద విమర్శ ఉంది. అప్పటి కెమెరా ముందు మనిషి కదలకుండా కూర్చోవాలి. ఆకలితో ప్రాణం పోతున్నవాళ్ళని కదలొద్దని చెప్పి మరీ తీశారు. మీరు పల్లికరణై దగ్గర చూసింది దాని మునిమనవడిని.

ఆ కరువులోనే వైస్రాయి ప్రభుత్వం తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, ఖర్చు తగ్గించాలని కరువు పనుల కూలీ కోసేశాడు. పొద్దుగూకులూ మట్టి మోసిన మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాసిని డబ్బులు. పౌను అంటే అర కిలో కూడా లేదు. దేశం నుంచి ఇంగ్లండుకి గోధుమల ఓడలు మాత్రం ఆగలేదు. ఇది చదివినప్పుడు నాకూ మీలాగే అనిపించింది, ఎలాంటి జాతిరా మనది అని.

అయితే అదే ప్రభుత్వంలో, అదే జీతం తీసుకుంటూ, మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ ఉన్నాడు. ఈ తిండితో ఈ పని చేయిస్తే మనుషులు చచ్చిపోతారని పైవాళ్ళ మొహం మీదే వాదించాడు. పప్పు ఎంత కావాలో, కూర ఎంత కావాలో లెక్క కట్టి రాశాడు. 1877 మధ్యకల్లా మద్రాసు ప్రభుత్వం ఆ కూలీ పెంచింది. చాలామందికి అప్పటికే ఆలస్యమైపోయింది. నేను నర్సుని కాబట్టి నాకు టెంపుల్ కంటే కార్నిషే ఎక్కువ గుర్తుంటాడు. వార్డులో రోగికి ఎంత తిండి కావాలో రాసి, స్టోర్స్ వాళ్ళతో పోట్లాడి తెప్పించిన డాక్టర్లని చూశాను. వాళ్ళది ఆయన వంశమే అనుకుంటాను.

జంతువులు నయం అన్నారు. కుక్కని ప్రేమించండి, తప్పులేదు. అడవిని మాత్రం గుడి అనుకోవద్దు. టాంజానియాలో గోంబె అడవిలో జేన్ గుడాల్ అనే శాస్త్రవేత్త, ఆవిడ తోటివాళ్ళు 1974 నుంచి 78 దాకా కళ్ళారా చూసిన సంగతి ఉంది. కలిసి పెరిగిన చింపాంజీల మంద రెండుగా చీలింది. ఒక మందలోని మగవి రెండో మంద మగవాటిని ఒంటరిగా దొరికినప్పుడల్లా పట్టుకుని, ఒక్కొక్కటిగా చంపేశాయి. అందులో ఆకలి లేదు. మన చెడ్డతనం మనమొక్కళ్ళమే కనిపెట్టింది కాదు.

ఇంకొకటి చెప్తాను, ఇది నా పనికి దగ్గరైనది. బోర్నియో దీవిలో లియాంగ్ టెబో అనే గుహలో ఒక అస్థిపంజరం దొరికింది. దాని వయసు 31,000 సంవత్సరాలని 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మనిషికి ఎడమ కాలి కింది భాగం, పాదంతో సహా, లేదు. చిన్నప్పుడే ఎవరో కోసి తీసేశారు. ఎముక చివర మానిపోయింది. ఆ తర్వాత ఆరు నుంచి తొమ్మిదేళ్ళు బతికింది ఆ ప్రాణం. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు, ఆనందంతో. కాలు తీసేసిన రోగిని వార్డులో చూసుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. రక్తం ఆపాలి, చీము పట్టకుండా కడగాలి, అన్నం తినిపించాలి, దొడ్డికి తీసుకెళ్ళాలి, ఒకే వైపు పడుకుని పుండ్లు పడకుండా తిప్పాలి. మాకు యాంటీబయాటిక్స్ ఉన్నాయి, గ్లౌజులు ఉన్నాయి, మూడు షిఫ్టులు ఉన్నాయి. వాళ్ళకి ఏమున్నాయి? గుహలూ కొండలూ ఉన్న చోట నడవలేని పిల్లని, వేటాడి ఏమీ తేలేని పిల్లని, ఏళ్ళ తరబడి ఎవరో చూసుకున్నారు. ఊళ్ళూ రాజ్యాలూ చట్టాలూ ఏవీ లేని కాలంలో.

పిల్లల్ని కనాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం, అందులో నేను వేలు పెట్టను. "పాపం" అన్న మాట మాత్రం మీ ఆవిడ ముందు ఇంకోసారి అనకండి. నేను ట్రైనింగ్‌లో ఉన్న రోజుల్లో పిల్లల వార్డులో పోలియో పిల్లలు ఉండేవాళ్ళు. సన్నగా పుల్లల్లా అయిపోయిన కాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టడం మా పని. తల్లులు "నడుస్తాడా సిస్టర్" అని అడిగేవాళ్ళు, మేం తల వంచుకుని కాపడం పెట్టేవాళ్ళం. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకి వచ్చింది. 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. దాని వెనక ఉన్నది ఐస్‌బాక్స్ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగిన ఆడవాళ్ళు. బస్టాండుల్లో, రైళ్ళలో, ఇటుకబట్టీల దగ్గర పిల్లల్ని వెతికి చుక్కలు వేసి, వేలికి సిరా పెట్టినవాళ్ళు. వాళ్ళని ఎవరూ వీడియో తీయలేదు. అందుకే మీ ఫోన్లో కనపడరు.

2015 డిసెంబర్ వరదల్లో పాల ప్యాకెట్ వంద రూపాయలకి అమ్మినవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు. సముద్రం మీద బతికే జాలర్లు పడవలు లారీలకెక్కించి తెచ్చి, మునిగిన వీధుల్లో ముక్కూమొహం తెలీనివాళ్ళని దించిందీ ఈ ఊళ్ళోనే. మీరు మొదటి సంగతి నమ్మినంత గట్టిగా రెండోదీ నమ్మండి. రెండూ జరిగినవే.

ఆ డెలివరీ అబ్బాయి గురించి కనుక్కోవాలని ఉంటే, 108 ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళిందో అడగొచ్చు. అక్కడి క్యాజువాలిటీలో తేదీ, టైము చెప్తే సిస్టర్లు ఏఆర్ చూసి, చెప్పగలిగినంత చెప్తారు. మీరు ఫోన్ చేసిన మనిషి. మీకు అడిగే హక్కు ఉంది.

ప్రశ్న: సిస్టరమ్మ గారూ, మేం పెరంబూరులో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో డ్రైనేజీ ట్యాంక్ నిండిపోతే అసోసియేషన్ వాళ్ళు ఇద్దరు మనుషుల్ని పిలిపించారు. మన తెలుగువాళ్ళే. నడుముకి తాడు కట్టి లోపలికి దింపబోతుంటే నేను అడ్డుపడ్డాను. "వాళ్ళకి అలవాటేనమ్మా, మీరు లోపలికి వెళ్ళండి" అన్నారు సెక్రటరీ గారు. వాళ్ళకి మంచినీళ్ళు కూడా దూరం నుంచి పోశారు. వీళ్ళంతా చదువుకున్నవాళ్ళు, ఇంట్లో రోజూ దీపం పెట్టేవాళ్ళు. వీళ్ళ మొహాలు చూడాలంటే అసహ్యంగా ఉంది. ఎలా సర్దుకుపోవాలి?

ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: సర్దుకుపోవద్దమ్మా. పై ఉత్తరం రాసిన అబ్బాయికి చెప్పినట్టు మీకు ఓదార్పు చెప్పలేను. ఇక్కడ భయంతో బిగుసుకుపోయినవాళ్ళెవరూ లేరు. ఒక మనిషి ప్రాణం చవక అని తెలిసి, అది మనకి కలిసొస్తుందని ఊరుకున్నవాళ్ళే ఉన్నారు. కులం మన మనసుల్లో చేసిన పని ఇది. దీని విషయంలో నాకు మన మనుషుల మీద ఎప్పుడూ కోపమే.

చెన్నైలో పారిశుధ్య పనిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పొద్దున్నే వీధి ఊడ్చే ఆవిడని పలకరించి చూడండి, చాలాచోట్ల తెలుగులోనే జవాబొస్తుంది. భాష మనదే అని మురిసిపోతాం. అదే భాషలో గుంతలోకి దిగమని చెప్తాం.

"అలవాటు" అన్నారట. ట్యాంకులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి ఎవరి ఒళ్ళూ అలవాటు పడదు. కొంచెం ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలీదు. వాసన తగ్గింది, ఫరవాలేదు అనుకుని దిగేది సరిగ్గా అప్పుడే. రెండు మూడు ఊపిరిలకే మనిషి కూలబడతాడు. అలాంటివాళ్ళని మా దగ్గరికి తెచ్చినప్పుడు చాలావరకు మేం చేయడానికి ఏమీ ఉండేది కాదు.

వాళ్ళు ఒక్కళ్ళుగా వచ్చేవాళ్ళు కాదు. ఇద్దరో, ముగ్గురో. ముందు దిగినవాడు పలకకపోతే పైన తాడు పట్టుకున్నవాడు దిగుతాడు. వాడూ పలకకపోతే ఇంకొకడు. లోపల ఏముందో వాళ్ళకి తెలుసు, ముందువాడు పడిపోవడం చూశారు, అయినా దిగారు. ఒకసారి వచ్చిన ఇద్దరూ అన్నదమ్ములేమో అనుకుని రాయబోయాను. కాదట, ఆ పూటే పనిలో కలిశారట. మనుషుల మీద అసహ్యం పుట్టిందని ఎవరన్నా నాతో అంటే, ఏ మనుషులు అని అడుగుతాను. ట్యాంకు చుట్టూ చేతులు కట్టుకుని నిలబడినవాళ్ళూ మనుషులే, తాడు వదిలేసి లోపలికి దూకినవాడూ మనిషే. పూట కిందట పరిచయమైన వాడికోసం దిగిన ఆ మనిషిని లెక్కలోకి తీసుకోకుండా జాతి మొత్తానికి మార్కులు వేస్తే, అతనికి రెండోసారి అన్యాయం చేసినట్టు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మనుషుల చేత పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు ట్యాంకులోకి దింపడం నేరం. మొదటిసారి దొరికితే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది పనివాళ్ళకి కాదు, పని పెట్టినవాళ్ళకి. ఈ మాట సెక్రటరీ గారికి మీటింగులో, అందరి ముందూ చెప్పండి. మురుగులో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి పది లక్షలు ఇవ్వాలని 2014లో అన్న సుప్రీంకోర్టు, 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ తీర్పుల వెనక ఏళ్ళ తరబడి పోరాడినవాళ్ళలో బెజవాడ విల్సన్ ఒకరు. కోలార్ బంగారు గనుల ఊళ్ళో, ఇదే పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టి, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ట్యాంక్ నిండితే 14420కి ఫోన్ చేసి లారీ పిలిపించండి, పైపు వేసి లాగేస్తుంది. ఎప్పుడన్నా ఎవరైనా లోపల పడిపోతే మాత్రం ఎంత దగ్గరివాళ్ళైనా దిగనివ్వకండి. 112కి చేసి ఫైర్ సర్వీస్‌ని పిలవండి, వాళ్ళ దగ్గర గాలి సిలిండర్లు ఉంటాయి.

ఆ రోజు మీరు అడ్డుపడ్డాక ఏమైందో ఉత్తరంలో రాయలేదు. వాళ్ళు దిగలేదనే అనుకుంటున్నాను. రాయండి.

ప్రశ్న: సిస్టర్ ఆంటీ, నేను ఆవడిలో ప్లస్ వన్ చదువుతున్నాను. న్యూయార్క్‌లో ఒక అమ్మాయిని పొడిచి చంపుతుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారనీ, జనం ఎక్కువైతే సాయం తగ్గుతుందనీ మా టీచర్ చెప్పారు. అది విన్నప్పటి నుంచి సాయంత్రం ట్యూషన్ నుంచి రావాలంటే భయమేస్తోంది. నాకేమన్నా అయితే ఎవరూ రారా?

ఒక విద్యార్థిని, ఆవడి

జవాబు: వస్తారు తల్లీ.

మీ టీచర్ చెప్పింది కిట్టీ జెనొవీస్ అనే అమ్మాయి కథ. 1964 మార్చిలో జరిగింది. 38 మంది చూశారని అప్పట్లో న్యూయార్క్ టైమ్స్ రాసింది, ప్రపంచమంతా నమ్మింది. ఆ లెక్క సరైంది కాదని తర్వాత తేలింది. చాలామందికి అరుపు వినపడిందే తప్ప ఏం జరుగుతోందో కనపడలేదు. ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు, పరుగెత్తుకొచ్చి ఆ అమ్మాయిని చేతుల్లోకి తీసుకున్న పక్కింటావిడ ఉంది. తన రాతలో లోపాలున్నాయని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది. తప్పు కథకి ఉన్నంత ప్రచారం దిద్దుబాటుకి రాదు. అది నాకు చాలా బాధ, ఎందుకంటే నీలాంటి పిల్లలు ఆ తప్పు కథతోనే భయపడుతున్నారు.

లాటనే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దాని తర్వాత చేసిన ప్రయోగాలు అబద్ధం కాదు. నలుగురున్నప్పుడు "ఎవరో ఒకరు చూసుకుంటారులే" అని ప్రతివాళ్ళూ ఒక్క క్షణం ఆగుతారు. అయితే 2019లో ఇంకో పని జరిగింది. ఆమ్‌స్టర్‌డాం, ఇంగ్లండులో లాంకాస్టర్, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్, ఈ మూడు ఊళ్ళ వీధి కెమెరాల్లో రికార్డయిన 219 గొడవల్ని పరిశోధకులు కూర్చుని చూశారు. పదింట తొమ్మిదిసార్లు చుట్టుపక్కల ఉన్నవాళ్ళలో కనీసం ఒకరు కలగజేసుకున్నారు. జనం ఎక్కువున్నకొద్దీ ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం పెరిగింది కూడా. క్యాజువాలిటీలో నేను చూసింది దీనికి దగ్గరగానే ఉంది. ముందు ఒకరు కదలాలి, కదిలితే ఆ వెనక పదిమంది వస్తారు.

ఆ ఒకరిని కదిలించడం నేర్చుకో. "కాపాడండి" అని గాల్లోకి అరిస్తే ప్రతివాళ్ళూ పక్కవాళ్ళని అన్నారనుకుంటారు. ఒకరి కళ్ళలోకి చూసి, వేలు పెట్టి చూపించి అడగాలి. "నీలం చొక్కా అన్నా, మీరు 108కి ఫోన్ చెయ్యండి." "అక్కా, మీ చున్నీ ఇవ్వండి." "ఆటో అన్నా, బండి అడ్డంగా పెట్టండి." పని చెప్పించుకున్న మనిషి చేయకుండా నిలబడడం నేను దాదాపు చూడలేదు. రోడ్డు మీద వేరేవాళ్ళకి దెబ్బ తగిలినప్పుడూ ఇలాగే చెయ్యి. తల తిప్పవద్దు, లేపి కూర్చోబెట్టవద్దు, నోట్లో నీళ్ళు పోయవద్దు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ మడిచి పెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా గట్టిగా అదిమి పట్టుకోవాలి. మధ్యలో తీసి చూడకూడదు, గుడ్డ తడిసిపోతే దానిమీదే ఇంకొకటి పెట్టాలి.

మీ స్కూల్లో ఎన్‌సీసీ గానీ, జూనియర్ రెడ్‌క్రాస్ గానీ ఉంటే ఫస్ట్ ఎయిడ్ క్లాసు పెట్టించమని అడుగు. ఏదీ లేకపోతే ఈ పత్రిక అడ్రసుకి మీ హెడ్‌మాస్టర్ గారి చేత ఒక ఉత్తరం రాయించు. నేనే వస్తాను, ఆవడి లోకల్ ట్రైన్ నాకు బాగా అలవాటు.